నిర్బంధానికి నిధి: మానసిక వైద్యశాలల పోషణవ్యయంపై భారతీయ చట్టాల చారిత్రక పరిశీలన (1858-2017)

1. ఉపోద్ఘాతం

ఏళ్ల తరబడి తాళం వేసిన వార్డులలో గడిపిన మానసిక రోగుల చరిత్రను సాధారణంగా వైద్యచరిత్రలో భాగంగానే అధ్యయనం చేస్తారు. రోగనిర్ధారణ, చికిత్సాపద్ధతులు, మందులు అందులో ప్రధానాంశాలవుతాయి. ఆ రోగి తిండికి, బట్టకు, కాపలాకు డబ్బు ఎవరు చెల్లించారు, ఏ షరతుపై చెల్లించారు అన్న ప్రశ్న వెనుకబడిపోతుంది. ఈ ప్రశ్న ఆధారంగా 1858, 1912, 1987, 2017 చట్టాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వలసపాలనలో పోషణభారం

1858 నాటి 36వ చట్టం ప్రకారం దిక్కులేక తిరిగే ఉన్మాదులను, ప్రమాదకరులుగా తోచినవారిని పోలీసులు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచేవారు. వైద్యుని ధ్రువపత్రంపై మేజిస్ట్రేటు వారిని ఆశ్రయాలయానికి పంపేవాడు. రోగికి ఆస్తి ఉన్నా, పోషించవలసిన బంధువులున్నా ఖర్చు వారి నుంచి రాబట్టవచ్చు. ఏ ఆధారమూ లేనివారి భారం ప్రభుత్వానిది. మద్రాసు రాజధానిలో విశాఖపట్నం ఆశ్రయాలయం 19వ శతాబ్దిలో ఈ వ్యవస్థలోనే నడిచింది. 1912 చట్టం ఇదే క్రమాన్ని కొనసాగించింది. నిరుపేద రోగికి ప్రభుత్వ ధనం అందాలంటే పేదరికం, రోగం రెండూ ఉన్నా చాలవు. నిర్బంధ ఉత్తర్వు కూడా ఉండాలి.

ఈ వ్యయం కూడా స్వల్పమే. 1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదిక లెక్కలో దేశంలోని మానసిక వైద్యశాలల పడకలు సుమారు 10,000. అంటే దాదాపు 40,000 జనాభాకు ఒక పడక. ఇంగ్లండులో సుమారు 300 మందికి ఒకటి. కమిటీ కోసం ఈ వైద్యశాలలను పరిశీలించిన మూర్ టేలర్, అధిక భాగం భవనాలు చికిత్సను దృష్టిలో పెట్టుకొని కాక, భద్రంగా బంధించి ఉంచడానికే కట్టినవని గుర్తించాడు.

3. స్వాతంత్ర్యానంతరం: మారిన పేరు, మారని షరతు

రాజ్యాంగం మానసిక రోగుల విషయాన్ని ఉమ్మడి జాబితాలోనూ, ఆసుపత్రులను రాష్ట్ర జాబితాలోనూ చేర్చింది. అందువల్ల హక్కులను నిర్వచించే చట్టం పార్లమెంటు చేయగలిగినా, ఆసుపత్రులను నడిపే బాధ్యత ప్రధానంగా రాష్ట్రాలపై పడింది. 1987లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం 1993లో అమలులోకి వచ్చి, 1912 చట్టాన్ని తొలగించింది. ‘ఉన్మాది’ అన్న మాట పోయింది. అయితే 78వ సెక్షను పాత సూత్రాన్నే నిలిపింది: ఆస్తి గాని, పోషించే బాధ్యత గలవారు గాని లేనప్పుడు, నిర్బంధంలో ఉన్న రోగి పోషణవ్యయాన్ని రాష్ట్ర ప్రభుత్వం భరించాలి. కోలుకొని బయటికి వెళ్లేవారి నివాసానికి ఇటువంటి బాధ్యతను ఆ చట్టం విధించలేదు.

ప్రభుత్వ వైద్యశాలల గోడల వెలుపల ఏమి జరిగిందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి చూపింది. ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో కట్టివేసి ఉన్న రోగులు తప్పించుకోలేక మరణించారు. కనుక పడకలకు నిధులు తగ్గించినంత మాత్రాన నిర్బంధం అంతరించదు. పర్యవేక్షణ లేని చోటికి మారుతుంది.

4. 2017 చట్టం: హక్కుకు గడువు లేదు

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. కుటుంబం లేదన్న కారణంతో, కుటుంబం స్వీకరించలేదన్న కారణంతో, ఇల్లు లేదన్న కారణంతో ఎవరినీ వైద్యశాలలో కొనసాగించరాదని 19వ సెక్షను చెప్పింది. సమాజంలో తగిన సౌకర్యాలు లేకపోవడం కూడా అందుకు కారణం కారాదన్నది. హాఫ్‌వే హోమ్‌లు, సామూహిక గృహాలు ఏర్పరచే, లేదా వాటికి తోడ్పడే బాధ్యతను ప్రభుత్వాలకు అప్పగించింది. నిర్బంధంతో ముడిపడిన పోషణసూత్రం నుంచి తొలిసారిగా విడివడిన చట్టం ఇదే. అయితే ఆ గృహాలు సమంజసమైన కాలంలో ఏర్పడాలన్నదే తప్ప, నిర్ణీత గడువును గాని, కేటాయించవలసిన మొత్తాన్ని గాని ఆ సెక్షను పేర్కొనలేదు.

5. ముగింపు

శతాబ్దిన్నరకు పైగా సాగిన ఈ చరిత్రలో చట్టాల భాష కరుణ వైపు నడిచినా, పోషణవ్యయం చాలాకాలం తాళం వేసిన వార్డునే అంటిపెట్టుకొని ఉంది. కొందరికి దీర్ఘకాల సంరక్షణ నిజంగానే అవసరం. దానికి ప్రజాధనం ఖర్చు కావడం న్యాయమే. కోలుకున్నా, తీసుకువెళ్లేవారు లేక వార్డులోనే మిగిలిపోయే వ్యక్తిది వేరే స్థితి. ఆమెను అక్కడ నిలిపేది రోగం కాదు, బయట ఆమె కోసం ఒక గదికి డబ్బు లేకపోవడం. ప్రభుత్వ వ్యయం పడకను కాక మనిషిని అనుసరించినప్పుడే 19వ సెక్షనులోని హక్కు ఆచరణలోకి వస్తుంది.