యవన రాజుల పేర్లు మన పత్తికొండ దారిలో

పోయిన ఏడాది మా అమ్మాయి టూరు వాళ్లతో కలిసి గ్రీసు వెళ్లొచ్చింది. ఏథెన్సు కొండ మీది గుడి, డెల్ఫీ, ఒలింపియా ఫొటోలన్నీ చూపించి, "నువ్వూ రావాల్సిందమ్మా" అంది. నేను డిగ్రీలో చదివింది చరిత్రే. పెళ్లయ్యాక ఆ పుస్తకాలు అటకెక్కాయి. అంత దూరం నేనెక్కడ పోతాను అనుకుంటుంటే గుర్తొచ్చింది, గ్రీకు రాజుల పేర్లున్న అశోకుడి శాసనం మన కర్నూలు జిల్లాలోనే ఉంది కదా అని. అదే ఎర్రగుడి. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, తుగ్గలి మండలంలో ఉంది.

మా వీధి ఆడవాళ్లం ఎప్పుడు కదిలినా మహానందికో, అహోబిలానికో. "దేవుడు లేని కొండకు ఏం పోతాం" అన్నారు కొందరు. చివరికి పద్నాలుగు మందిమి మినీబస్సు మాట్లాడుకున్నాం. రిటైరైన చరిత్ర సారు ఒకరు వచ్చి చెప్పడానికి ఒప్పుకున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల మా అత్త కూడా బయల్దేరింది. ఆమె పుట్టిల్లు పత్తికొండ పక్క పల్లె. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చిత్రాన్నం కట్టుకుని తెల్లారేసరికి డోన్ దాటేశాం.

అక్కడి బండల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో 14 పెద్ద శాసనాలు, 2 చిన్న శాసనాలు ఉన్నాయి. 2,200 ఏళ్ల పైమాటే. వీటిని 1929లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్తించారు. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఎద్దులు సాలు చివర తిరిగి వచ్చినట్టు. పాత గ్రీకు శాసనాల్లోనూ ఈ పద్ధతి ఉందట. వాళ్లు పెట్టిన పేరుకు అర్థం కూడా ఎద్దు తిరగడమే.

పదమూడో శాసనంలో అశోకుడు ఐదుగురు యవన రాజులను తలచుకున్నాడు. సిరియా ఆంటియోకస్ అందులో అంతియోక, ఈజిప్టు టాలెమీ తురమాయ. మిగిలినవాళ్లు ఆంటిగోనస్, మాగస్, ఇంకో అలెగ్జాండర్. వాళ్ల కాలం తెలుసు కాబట్టే అశోకుడి కాలాన్ని లెక్కగట్టగలిగారు. అదే శాసనంలో మన ఆంధ్రుల పేరు కూడా ఉందని సారు చెప్తే అందరం చప్పట్లు కొట్టాం.

రెండో శాసనంలో మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని, మందు మొక్కలు నాటించానని, దారుల్లో బావులు తవ్వించానని రాయించాడు. తన రాజ్యంలోనే కాదు, అంతియోక రాజ్యంలోనూ చేయించానన్నాడు.

ఇక తొమ్మిదో శాసనం. జబ్బు చేసినా, పెళ్లయినా, బిడ్డ పుట్టినా, ప్రయాణమైనా ఆడవాళ్లు ఏవేవో పనికిరాని తంతులు చేస్తారట. వాటికన్నా పనివాళ్లను బాగా చూడటం, పెద్దలను గౌరవించడం మేలట. పొద్దున కొట్టిన కొబ్బరికాయ గుర్తొచ్చి అందరం నవ్వేశాం.

మా అత్త నవ్వలేదు. "నా రెండో బిడ్డకు జరమొచ్చినప్పుడు ఊర్లో డాక్టరు లేడు, బస్సు లేదు. బండి కట్టేలోగా దిష్టి తీసినా, తాయెత్తు కట్టినా. పత్తికొండ చేరకముందే పాయ. మందు లేని చోట ఆడది ఇంకేం చేయల్ల సారూ?" అనింది.

నలభై ఏళ్ల కాపురంలో ఆ బిడ్డ సంగతి ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. సారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అందుకేనేమోనమ్మా, తంతుల మాట కంటే ముందే, రెండో శాసనంలోనే వైద్యం సంగతి రాయించాడు" అన్నారు. ఆమె తలూపింది. "బావులు తవ్వించినోడు మంచోడే" అనింది.

వచ్చేటప్పుడు బస్సులో అడిగింది, ఆ యవనుల దేశంలో దిష్టి తీస్తారా అని. మా అమ్మాయి అక్కడి నుంచి తెచ్చిన నీలం కన్ను పూస సంగతి చెప్పాను. దిష్టి తగలకుండా వాళ్లు అది కట్టుకుంటారు. "అయితే వాళ్ల బిడ్డలూ మన బిడ్డల్లాంటోళ్లే" అంటూ కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది.

మీరూ ఒకసారి వెళ్లిరండి. ఎండకు ముందే చేరండి, నీళ్లు తీసుకెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనూ వెంటబెట్టుకెళ్లండి.