నిమ్మగడ్డి నుండి వయొలెట్ పరిమళము

వయొలెట్ పూల అత్తరు ఒకప్పుడు యూరపులో ధనికుల సొత్తు. ఆ చిన్న పూవులో తైలము అత్యల్పము. వాసనలో దానికి దగ్గరి చుట్టమైన ఐరిస్ దుంపను పరీక్షించుచు జర్మన్ రసాయనవేత్తలు టీమన్, క్రూగర్ 1893లో అయొనోన్ అను కృత్రిమ పరిమళద్రవ్యమును సిద్ధపరచిరి.

దానికి ముడిసరకు పూవు కాదు, సిట్రాల్. అది నిమ్మగడ్డి నూనెలో సమృద్ధిగా నుండును. కేరళ కొండవాలులలో గడ్డి కోసి, కట్టెల మంటపై బట్టీ పెట్టి తీసిన నూనె కొచ్చిన్ రేవు నుండి ఎగుమతి యగుచుండెను. నూనెలో సిట్రాల్ పాలు ఎంతయో ధర అంత.

సిట్రాలును క్షారము సమక్షమున ఆసిటోనుతో కలిపి, వచ్చిన పదార్థమును ఆమ్లముతో మార్చినచో అయొనోన్ లభించును. కాగితముపై 152 కిలోల సిట్రాలు, 58 కిలోల ఆసిటోను నుండి 192 కిలోలు రావలెను; కర్మాగారములో అంత రాదు. నూనెలో నూటికి 75 పాళ్లు సిట్రాలు అనుకొన్నను 152 కిలోలకై 200 కిలోలకు పైగా నూనె కావలెను. నూరు కిలోల పచ్చిగడ్డికి అరకిలో నూనె దిగుటయే గొప్ప. అనగా 40 టన్నుల గడ్డి! కోతకూలి, కట్టెలు, మోత, అన్నియు కొండమీది ఖర్చులే. పేటెంటు బలమున లాభము గడించినవి మాత్రము హోల్జ్‌మిండెన్, పారిస్ నగరముల కంపెనీలు. ఆ రక్షణ తొలగి పోటీ పెరిగిన పిమ్మటనే వయొలెట్ వాసన సామాన్యుని సబ్బులోనికి దిగివచ్చెను.

1947లో బాసెల్ నగరమున ఐస్లర్ బృందము బీటా అయొనోన్ నుండి విటమిన్ ఎ తయారుచేసెను. నిమ్మగడ్డి నూనెకు ఒక్కసారిగా గిరాకీ హెచ్చెను. 1951లో ఎర్నాకుళం ప్రాంతమున ఓడక్కాలిలో నిమ్మగడ్డి పరిశోధన కేంద్రము వెలసెను. కాని మంచి గడ్డికై అచ్చట వెదకుచుండగనే, గడ్డితో పనిలేక ఆసిటోను, అసిటిలీనుల నుండి అవే పదార్థములు చేయు మార్గమును విదేశీ కర్మాగారములు పట్టుకొనెను. ఇట్టి యంత్రాగారమునకు పెట్టుబడి అపారము. ఉత్పత్తి పెరిగిన కొలది కిలో ఖర్చు తగ్గును. బట్టీకి ఆ సదుపాయము లేదు. రెండింతల నూనెకు రెండింతల గడ్డి, రెండింతల కట్టెలు కావలసినదే.

2004లో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ లుడ్విగ్స్‌హాఫెన్ నగరమున ఏటికి దాదాపు 40,000 టన్నుల సిట్రాలు చేయగల కర్మాగారమును నెలకొల్పెను. 2017 అక్టోబరు 31న అచ్చట నిప్పంటుకొనగా ప్రపంచమున పరిమళ, విటమిన్ పరిశ్రమలు నెలల తరబడి సరకు లేక తడబడినవి. అప్పటికి కేరళలో నిమ్మగడ్డి పెరిగిన వాలులు పెక్కింటిలో రబ్బరు తోటలుండెను.