బంక తెగులు

బంక తెగులు లేక బంకకారు తెగులు బత్తాయి, నిమ్మ, నారింజ చెట్ల మొదళ్ళకు సోకే వ్యాధి. దీనిని ఫైటోఫ్తోరా ప్రజాతికి చెందిన సూక్ష్మజీవులు కలుగజేస్తాయి. గ్రీకు భాషలో ఈ పేరుకు మొక్కలను నాశనం చేసేది అని అర్థం. జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ 1876లో ఈ పేరు పెట్టాడు. తెలుగునాట అనంతపురం, కడప, నల్గొండ ప్రాంతాల బత్తాయి తోటలలో (రాయలసీమలో బత్తాయిని చీనీ అంటారు) ఈ తెగులు కనిపిస్తుంది.

కారకం

ఫైటోఫ్తోరాను చాలాకాలం శిలీంధ్రంగా లెక్కించారు. ఇప్పటికీ అలా వ్రాయడం కద్దు. నిజానికి ఇది నీటి బూజు. గోధుమ శైవలాలకు దగ్గరి బంధువు. శిలీంధ్రాల కణకవచంలో కైటిన్ ముఖ్యం కాగా, దీని కవచంలో సెల్యులోజ్ ఉంటుంది. నేలలో నీరు నిలిచినప్పుడు రెండు కశాభాలు గల గమనసిద్ధబీజాలు వెలువడి, ఈదుతూ వేళ్ళను, బెరడును చేరతాయి.

లక్షణాలు

నేలకు దగ్గరగా బెరడు గోధుమరంగుకు మారి, పగుళ్ళ నుండి బంక కారుతుంది. బంక నీటిలో కరుగుతుంది కనుక వానల తరువాత కనబడకపోవచ్చు. అంతమాత్రాన తెగులు తగ్గినట్లు కాదు. మచ్చ కాండాన్ని చుట్టివేస్తే ఆకులలో తయారైన ఆహారం వేళ్ళకు చేరదు. ఈనెలు పసుపుబారి ఆకులు రాలుతాయి. ఎండిపోయే ముందు చెట్టు అకాలంగా విరగబూసి చిన్న కాయలు కాయడం ఉంది. ఆ పూతను చూసి రైతు సంతోషించే లోపే చెట్టు దక్కకుండా పోవచ్చు.

నివారణ

మొదలు వద్ద నీరు నిలువకుండా చూడటమే అన్నిటికన్నా ముఖ్యం. చెట్టు చుట్టూ రెండు గట్లు వేసి, వాటి నడుమ మాత్రమే నీరు పారించాలి. అంటు కట్టిన భాగం నేలకు పైన ఉండాలి. దానిపైకి మట్టి ఎగదోయరాదు. వేరుమూలంగా జంబేరి కంటే రంగపూర్ నిమ్మ ఈ తెగులును మెరుగ్గా తట్టుకుంటుంది. 19వ శతాబ్దంలో ఐరోపా తోటలు ఈ తెగులుతో దెబ్బతిన్నప్పుడు పుల్ల నారింజ వేరుమూలాన్ని ఆశ్రయించారు. అయితే 20వ శతాబ్దంలో ట్రిస్టెజా వైరస్ సరిగ్గా ఆ వేరుమూలంపై అంటుకట్టిన బత్తాయి చెట్లనే బలిగొన్నది.

తెగులు సోకిన బెరడును పదునైన కత్తితో తొలగించి బోర్డో పేస్టు పూయాలి. దీనికి 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం విడివిడిగా 5 లీటర్ల చొప్పున నీటిలో కలిపి, ఆపైన రెండింటినీ చేర్చాలి. ఇనుప పాత్రలు పనికిరావు. మెటలాక్సిల్, ఫోసెటిల్ అల్యూమినియం మందులు నీటి బూజులపై పనిచేస్తాయి. శిలీంధ్రనాశిని అనగానే చాలామంది కొనే కార్బెండజిమ్ మాత్రం ఈ జీవిపై పనిచేయదు.