పిల్లల తొలి మోటార్‌బైక్

నాలుగేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలు మైదానాల్లో, మట్టి ట్రాకుల మీద నడపడానికి తయారుచేసే చిన్న ద్విచక్ర వాహనాలను పిల్లల మోటార్‌బైకులు అంటారు. పెట్రోలు రకాల్లో సాధారణంగా 50 సీసీ ఇంజను ఉంటుంది; బ్యాటరీతో నడిచేవీ ఉన్నాయి. తొలి బండి ఎంపికలో ఇంజను శక్తి కన్నా రెండు విషయాలు ముఖ్యం: బండి పిల్లల ఒడ్డూపొడుగుకు సరిపోవడం, దాని వేగం పెద్దల అదుపులో ఉండడం.

చరిత్ర

జపాన్‌లో టోక్యో శివార్లలోని టామా టెక్ వినోద ఉద్యానవనంలో పిల్లలు తిరగడానికి హోండా 1961లో ఒక బుల్లి బండిని రూపొందించింది. తర్వాత ‘మంకీ’గా పేరుపడ్డ బళ్లకు అదే మూలం. 1980ల ఆరంభంలో యమహా తెచ్చిన పీడబ్ల్యూ50 పెద్ద మార్పులేవీ లేకుండానే దశాబ్దాల పాటు అమ్ముడైంది. పిల్లల వస్తువుల్లో సీసంపై అమెరికా 2008లో చేసిన చట్టం వల్ల 2009లో అక్కడ ఈ బళ్ల అమ్మకాలు నిలిచిపోయాయి. 2011లో వాటికి మినహాయింపు లభించింది. బ్యాటరీ బళ్లు తయారుచేసే స్టేసిక్ సంస్థను 2019లో హార్లీ డేవిడ్‌సన్ కొనుగోలు చేసింది.

ఎత్తు, బరువు

సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలి. పీడబ్ల్యూ50 సీటు ఎత్తు దాదాపు 47.5 సెంటీమీటర్లు, హోండా సీఆర్‌ఎఫ్50ఎఫ్‌ది దాదాపు 55 సెంటీమీటర్లు. మొదటిది సుమారు 40 కిలోలు, రెండోది సుమారు 50 కిలోలు తూగుతాయి. ఐదేళ్ల పిల్లలు సాధారణంగా 20 కిలోలైనా ఉండరు కనుక, బండి మీద పడితే పక్కన పెద్దవాళ్లు ఉండి లేపాల్సిందే. బట్టలు కొన్నట్టు ‘ఎదిగే పిల్లాడు కదా’ అని ఒక సైజు పెద్ద బండి కొనడం ఇక్కడ ప్రమాదకరం.

ఇంజను, గేర్లు

పీడబ్ల్యూ50లో క్లచ్, గేర్లు మార్చే పని లేదు. సైకిల్‌కు ఉన్నట్టే రెండు బ్రేకులూ చేతికి అందుతాయి. యాక్సిలరేటర్ ఎంతవరకు తిరగాలో ఒక స్క్రూతో పెద్దలు కట్టడి చేయవచ్చు. వెనక చక్రానికి చైన్ బదులు షాఫ్ట్ ఉండడంతో వేళ్లు, లేసులు చిక్కుకునే భయం తక్కువ. సీఆర్‌ఎఫ్50ఎఫ్‌లో ఆటోమేటిక్ క్లచ్‌తో మూడు గేర్లు, కాలితో తొక్కే వెనక బ్రేకు ఉంటాయి. కాబట్టి కాస్త పెద్ద పిల్లలకు, గేర్లు నేర్చుకునే దశకు అది నప్పుతుంది. కేటీఎం 50 ఎస్‌ఎక్స్ వంటివి పోటీల కోసం చేసిన బళ్లు. వాటి దూకుడు కొత్తగా నేర్చుకునేవారికి తగదు.

బ్యాటరీ బళ్లు

స్టేసిక్ వారి అతి చిన్న బండి దాదాపు 8 కిలోలే. మోటారు ఆపేసి, కాళ్లతో నేలను నెట్టుకుంటూ ముందు బ్యాలెన్స్ నేర్చుకోవచ్చు. చప్పుడు, పొగ, వేడెక్కే సైలెన్సర్ ఉండవు. అయితే చప్పుడు లేనందువల్ల దగ్గరగా వచ్చేదాకా పక్కవారికి తెలియదు. ఏ రకం కొన్నా, పక్క చక్రాలు లేని సైకిల్‌ను తొక్కగలిగి, చెప్పగానే బ్రేకు వేసే అలవాటు వచ్చాకే ఇంజను బండి ఇవ్వడం మేలు.

రక్షణ

తలకు సరిగ్గా పట్టే ముఖమంతా కప్పే హెల్మెట్, కళ్లద్దాలు, గ్లోవ్స్, మోచేతి-మోకాలి ప్యాడ్లు, చీలమండ దాటే బూట్లు తప్పనిసరి. వీటి ఖర్చును బండి ధరలో భాగంగానే లెక్కవేయాలి. అన్నీ ఉన్నా ప్రమాదం పూర్తిగా తొలగదు. పదహారేళ్ల లోపు పిల్లలు ఇలాంటి వాహనాలు నడపకూడదన్నది అమెరికా శిశు వైద్యుల సంఘం వైఖరి.

భారతదేశంలో చట్టం

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశంలో వాహనం నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 50 సీసీ మించని మోటార్‌సైకిల్‌కు 16 ఏళ్లు చాలు, కానీ లైసెన్సు ఉండాలి. 2019 సవరణతో చేరిన 199ఏ సెక్షన్ కింద, మైనర్ వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. కనుక పిల్లల బండి వీధిలోకి, కాలనీ రోడ్డు మీదికి రాకూడదు. కంచె ఉన్న సొంత స్థలంలో లేదా అనుమతి ఉన్న ట్రాకు మీద, పెద్దల సమక్షంలోనే నడపాలి.