దిద్దుబాటు, రద్దు, చర్చ: వికీపీడియా నియమాలు పుట్టిన తీరు

వికీపీడియాలో ప్రతి వ్యాసానికీ జంటగా మరో పేజీ ఉంటుంది. దాని పేరు చర్చ. చదువరుల్లో చాలామంది దాని జోలికే పోరు. వ్యాసంలో ఒక మాట ఉండాలా పోవాలా, ఫలానా తేదీకి ఆధారం ఎక్కడిది, ఊరి పేరు ఏ రూపంలో రాయాలి అని వాడుకరులు వాదించుకునేది అక్కడే. వీళ్లకు జీతాల్లేవు. ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు, చాలామంది అసలు పేర్లు కూడా బయటికి తెలియవు. ఇంతమంది కలిసి రాయడానికి ఒక కట్టుబాటంటూ ఏర్పడింది గానీ, దాన్ని ఎవరూ ముందుగా కూర్చుని రాయలేదు. అందులో చాలా భాగం ఏదో ఒక తగాదా ముదిరి, ఇక లాభం లేదనుకున్నాక రాసుకున్నదే.

వికీపీడియాకు ముందు న్యూపీడియా ఉండేది. బోమిస్ అనే అమెరికా సంస్థ తరఫున జిమ్మీ వేల్స్ 2000 మార్చిలో దాన్ని మొదలుపెట్టాడు. ప్రధాన సంపాదకుడు లారీ శాంగర్, తత్వశాస్త్రం చదువుకున్నవాడు. విషయం తెలిసిన పండితులు రాయాలి, రాసింది ఏడు అంచెల పరిశీలన దాటాలి. పద్ధతి పకడ్బందీగానే ఉంది, వ్యాసాలే రాలేదు. 2003లో మూతపడేనాటికి అన్ని అంచెలూ దాటి బయటపడ్డవి రెండు డజన్లో, అటూ ఇటూనో. ఈలోగా, ప్రోగ్రామర్ల కోసం వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో తయారుచేసిన వికీ పద్ధతి శాంగర్ దృష్టికి వచ్చింది. ఎవరైనా సరే పేజీ తెరిచి, అక్కడికక్కడే మార్చి భద్రపరచవచ్చు. న్యూపీడియాకు చిత్తుప్రతులు సమకూర్చే పక్కపనిగా 2001 జనవరి 15న వికీపీడియా మొదలైంది. ఆ ఏడాది చివరికల్లా దాదాపు 20,000 వ్యాసాలు పోగయ్యాయి. అసలు పని మరుగున పడింది.

తొలి రోజుల్లో చర్చకు వేరే చోటంటూ లేదు. వ్యాఖ్యలు వ్యాసం అడుగునే రాసేవారు, తర్వాత్తర్వాత ఉపపేజీలు పెట్టుకున్నారు. 2002 జనవరిలో మాగ్నస్ మాన్స్‌కే అనే జర్మన్ విద్యార్థి రాసిన కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక ప్రతి వ్యాసానికీ సొంత చర్చ పేజీ ఏర్పడింది. పాత సాఫ్ట్‌వేర్ వెనకటి కూర్పులను కొంతకాలమే దాచేది. మొదటి నెలల దిద్దుబాట్లు అలాగే పోయాయని అంతా అనుకుంటుండగా, 2010 డిసెంబరులో ఒక పాత బ్యాకప్‌లో అవి దొరికాయి. తర్వాతి సాఫ్ట్‌వేర్‌లో అన్ని కూర్పులూ చరిత్రలో నిలిచిపోతాయి. ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరం మార్చారో ఎవరైనా చూడవచ్చు. చెడగొట్టడం ఎంత తేలికో దాన్ని వెనక్కి తిప్పడం అంతకంటే తేలిక. తలుపులు బార్లా తెరిచినా ఇల్లు నిలబడడానికి కారణం ఇదే.

మాటల గొడవకు మొదట దొరికిన మందు తటస్థ దృక్కోణం. వ్యాసం ఏ పక్షమూ వహించకూడదు, ఏ పక్షం ఏమంటున్నదో చెప్పి ఊరుకోవాలి. తొలి ఏడాదిలోనే శాంగర్, వేల్స్ ఈ సూత్రాన్ని పెట్టారు. దీంతో నిజం ఏదన్న తగువు, ఎవరు ఎక్కడ ఏమన్నారన్న ప్రశ్నగా మారింది. అది తేల్చడం కాస్త సులువు. భౌతికశాస్త్రంలో సొంత సిద్ధాంతాలు పట్టుకొచ్చి వ్యాసాలుగా నిలబెట్టే వారి బెడద పెరిగాక, 2003లో "సొంత పరిశోధన కూడదు" అన్న నియమం చేరింది. నిపుణులకు ఇంకాస్త పెద్దపీట వేయాలన్న శాంగర్ 2002 మార్చిలోనే తప్పుకున్నాడు. అంతకు నెల ముందు, వాణిజ్య ప్రకటనలు వస్తాయేమోనన్న అనుమానంతో స్పానిష్ వికీపీడియన్లలో చాలామంది విడిపోయి వేరు కుంపటి పెట్టారు. ప్రకటనలు రాలేదు. వికీపీడియా వాణిజ్య చిరునామా వదిలి లాభాపేక్ష లేని సంస్థలు వాడే చిరునామాకు మారింది. 2003 జూన్‌లో, వికీపీడియాను నిర్వహించే వికీమీడియా ఫౌండేషన్ ఏర్పడింది.

అప్పటిదాకా తెగని పంచాయతీలన్నీ వేల్స్ దగ్గరికే వెళ్లేవి. జనం పెరిగేసరికి అది ఒక్కడి వల్ల కాలేదు. 2004 మొదట్లో ఇంగ్లీషు వికీపీడియాలో మధ్యవర్తిత్వ సంఘం పని ప్రారంభించింది. అది మనుషుల ప్రవర్తన మీద తీర్పు చెబుతుంది తప్ప వ్యాసంలో ఏముండాలో చెప్పదు. నిర్వాహకుల సంగతీ అంతే. పేజీని తొలగించే, సంరక్షించే, వాడుకరిని నిరోధించే మీటలు వారి చేతిలో ఉంటాయి గానీ వాదనలో వారి మాటకు ప్రత్యేకంగా బరువేమీ ఉండదు. అదే ఏడాది నవంబరులో మూడు రద్దుల నియమం అమల్లోకి వచ్చింది. ఒకే పేజీలో ఒక వాడుకరి 24 గంటల్లో మూడుసార్లకు మించి ఎదుటివారి మార్పును రద్దు చేయకూడదు. ఎవరిది ఒప్పు అన్న ప్రశ్న ఇక్కడ రాదు. ఒప్పు తనవైపే ఉన్నా నాలుగోసారి నొక్కితే నిరోధమే.

ఈ నియమం అవసరం ఎంతటిదో బాల్టిక్ తీరంలోని ఒక రేవుపట్టణం వ్యాసం చూపించింది. నేడది పోలండ్‌లోని గ్దాన్స్క్. జర్మన్లకు దాన్‌త్సిగ్. 1308లో ట్యూటానిక్ నైట్ల చేతికి వెళ్లింది, తర్వాత మూడు శతాబ్దాలకు పైగా పోలండ్ రాజు ఏలుబడిలో ఉంటూనే జర్మన్ మాట్లాడేవారి నగరంగా సాగింది. ఆపైన ప్రష్యాది, రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఎవరికీ చెందని స్వేచ్ఛానగరం, 1945 తర్వాత మళ్లీ పోలండ్‌ది. వ్యాసంలో ఏ శతాబ్దం దగ్గర ఏ పేరు రాయాలి? ఒకరు మార్చడం, మరొకరు తిప్పడం ఏళ్ల తరబడి నడిచింది. ఆ తగువు అక్కడ పుట్టిన వారందరి జీవిత చరిత్రలకూ పాకింది. చివరికి 2005 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాలఖండాలు విడగొట్టి ఓటు పెట్టారు. 1308 నుంచి 1945 దాకా దాన్‌త్సిగ్, దానికి ముందూ వెనుకా గ్దాన్స్క్ అని తేలింది. స్పష్టంగా జర్మన్ అయిన వ్యక్తి గురించైతే దాన్‌త్సిగ్ అని రాసి కుండలీకరణాల్లో రెండో పేరు ఇవ్వాలి, పోలిష్ వ్యక్తయితే అటుది ఇటు. ఈ ఒప్పందాన్ని నిలబెట్టడానికి చేసే రద్దులకు మూడింటి పరిమితి వర్తించదని కూడా రాసుకున్నారు. చరిత్రకారులు దీన్ని సరైన పరిష్కారం అంటారో లేదో గానీ, పోరు మాత్రం చల్లారింది.

అన్ని తగాదాలకూ ఇంత చరిత్ర ఉండదు. ఇంగ్లీషులో పెరుగు వ్యాసం పేరులో హెచ్ అక్షరం ఉండాలా వద్దా అన్న వాదన 2003 నుంచి 2011 దాకా సాగింది. అమెరికా వర్ణక్రమంతో మొదలైన వ్యాసాన్ని మధ్యలో ఎవరో బ్రిటిష్ రూపానికి మార్చారు. తిరిగి మార్చాలన్న ప్రతిపాదనలు ఒకదాని తర్వాత ఒకటి వీగిపోయి, ఎనిమిదేళ్లకు మొదటి రూపమే గెలిచింది. 2012 చివర్లో ఒక స్టార్ ట్రెక్ సినిమా పేరులోని చిన్న విభక్తి పదానికి పెద్దక్షరం పెట్టాలా అన్న దానిపై 40,000 మాటల చర్చ జరిగింది. ఇలాంటివాటిని పోగేసి వికీపీడియన్లే తమ మీద తాము నవ్వుకుంటూ ఒక జాబితా పేజీ నడుపుతున్నారు. నవ్వులాట ఎలా ఉన్నా, నిర్ణయం తీసుకునే పద్ధతి ఇలాంటి చోట్లే రాటుదేలింది. ముందు చొరవ తీసుకుని మార్చు, ఎవరైనా రద్దు చేస్తే మళ్లీ మార్చకుండా చర్చ పేజీకి వెళ్లు. చర్చ తేలకపోతే సంబంధం లేని మూడో మనిషి వచ్చి వాదనలు తూచి ముగిస్తాడు. చేతులు లెక్కపెట్టడం పద్ధతి కాదు. ఆధారంతో మాట్లాడిన ఇద్దరు, "నాదీ అదే మాట" అని సంతకం పెట్టిన పదిమందిని మించవచ్చు. ఆచరణలో లెక్క ప్రభావం లేదని మాత్రం ఎవరూ అనలేరు.

2005లో వచ్చిన దెబ్బ లోపలి తగవు కాదు. అమెరికా పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్ వ్యాసంలో, కెనడీ సోదరుల హత్యలతో అతనికి సంబంధముందన్న అబద్ధాన్ని మే నెలలో ఒక అజ్ఞాతవ్యక్తి చేర్చాడు. నెలల తరబడి ఎవరూ గమనించలేదు. నవంబరులో సీగెంథాలర్ పత్రికకెక్కాడు. చరిత్ర పేజీలో అంతా ఉంటుంది, నిజమే. అయితే ఎవరైనా చూస్తేనే దాని వల్ల ఉపయోగం. డిసెంబరులో ఖాతా లేనివారు ఇంగ్లీషులో కొత్త వ్యాసం సృష్టించడాన్ని ఆపేశారు. బతికున్నవారి గురించి ఆధారం లేని చెడ్డమాట కనిపిస్తే చర్చ కోసం ఆగకుండా తీసేయాలన్న విధానం రూపుదిద్దుకుంది. అదే నెలలో నేచర్ పత్రిక 42 శాస్త్ర వ్యాసాలను బ్రిటానికాతో పోల్చింది. సగటున వ్యాసానికి వికీపీడియాలో నాలుగు తప్పులు, బ్రిటానికాలో మూడు కనిపించాయి.

కట్టుబాట్లు బిగిసేకొద్దీ కొత్తవారికి దారి ఇరుకైంది. ఇంగ్లీషు వికీపీడియాలో చురుకైన వాడుకరులు 2007లో సుమారు 51,000 మంది, 2013కు 31,000కు పడిపోయారు. మొదటి దిద్దుబాటుకే రద్దూ, అచ్చుపోసిన హెచ్చరికా ఎదురైన మనిషి రెండోసారి రాకపోవడంలో వింతేమీ లేదు.

తెలుగు వికీపీడియా కథ వేరు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో అది పుట్టింది. అప్పట్లో కంప్యూటర్లో తెలుగు టైపు చేయడమే పెద్ద పని కావడంతో రెండేళ్లు పెద్దగా కదల్లేదు. 2005 తర్వాత తెలుగులో బ్లాగులు రాసేవారు వచ్చి చేరాక ఊపందుకుంది. అందరికీ సంబంధించిన విషయాలకు రచ్చబండ అనే పేజీ, ఒక్కో వ్యాసానికి దాని చర్చ పేజీ. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న విధానాలు చాలావరకు అలాగే సరిపోయాయి. సరిపోని చోట తెలుగు వ్యాకరణమే అడ్డొచ్చింది. గౌరవం క్రియలోనే ఉన్న భాషలో తటస్థత ఎలా? కొత్త వాడుకరి తన ఊరి ఉపాధ్యాయుడి గురించో, అభిమాన నటుడి గురించో రాస్తూ "శ్రీ ఫలానా గారు జన్మించారు" అంటాడు. మరొకరు వచ్చి శ్రీ, గారు కొట్టేసి "జన్మించాడు" అని మారుస్తారు. రాసినవారికి మనసు చివుక్కుమంటుంది, పెద్దమనిషిని పట్టుకుని వాడు వీడు అన్నట్టుందని గొడవకు దిగుతారు. ఒకరికి ఆయన, మరొకరికి అతడు అని రాస్తే ఆ ఎంపికే ఒక పక్షం వహించినట్టవుతుంది కాబట్టి, గౌరవ వాచకాలు వద్దు, అందరికీ ఏకవచనమే అన్నది శైలి నియమంగా నిలిచింది. ఇది పాఠకుల చెవికి ఇప్పటికీ కరుగ్గానే తగులుతుంది. అయినా అంతకన్నా న్యాయమైన దారి మరొకటి కనిపించదు.

గ్రామాల పేజీలది మరో చిక్కు. బాట్లు అనే స్వయంచాలక ప్రోగ్రాముల సాయంతో ఊరికో పేజీ చొప్పున వేల మొలకలు, అంటే చిట్టి వ్యాసాలు, తయారయ్యాయి. వ్యాసాల సంఖ్య పెరిగింది, చదవడానికి మాత్రం ఒకటి రెండు వాక్యాలే. ఒకే పేరుతో పదుల ఊళ్లుంటే కుండలీకరణాల్లో మండలం పేరు చేర్చి విడదీశారు. ఆ మండలం ఏ జిల్లాలో ఉందో మాత్రం నిలకడగా ఉండలేదు. 2014లో రాష్ట్రం రెండైంది, 2016 అక్టోబరులో తెలంగాణ 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో మరో రెండు చేరాయి, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలు 26 అయ్యాయి. ఒక్కో ఉత్తర్వుకూ వేల పేజీలు తిరగరాయాలి. కొద్దిమంది వాడుకరులు ఆ పని భుజాన వేసుకున్నారు.

2009, 2011 మధ్య గూగుల్ తన అనువాద పరికరంతో, డబ్బు ఇచ్చి పెట్టుకున్న అనువాదకులతో తెలుగు, తమిళం, బెంగాలీ తదితర భాషల్లో వ్యాసాలు చేర్పించింది. పొడుగాటి వ్యాసాలు, ఇంగ్లీషు ఎముకల మీద తెలుగు తోలు. చర్చ పేజీలో ప్రశ్న రాస్తే జవాబు చెప్పే మనిషి అవతల ఉండేవాడు కాదు. బెంగాలీ వాడుకరులు వద్దు పొమ్మన్నారు. తమిళులు షరతులు పెట్టి, తమ అభ్యంతరాలను వికీపీడియన్ల వార్షిక సదస్సు వికీమేనియాలో 2010లో వినిపించారు. ఆ సదస్సు జరిగింది గ్దాన్స్క్‌లోనే. తెలుగులో ఈ వ్యాసాలను శుద్ధి చేయాలా, తొలగించాలా అన్న చర్చ ఏళ్లపాటు మళ్లీ మళ్లీ తలెత్తింది. నేడు తెలుగు వ్యాసాలు లక్ష దాటాయి. క్రమం తప్పకుండా చర్చకు వచ్చేవారు మాత్రం ఒక గదిలో సరిపోతారు. ఇంగ్లీషులో వాదించేవారు ఎక్కువై విసుగు, తెలుగులో ప్రతిపాదన పెట్టి అవుననో కాదనో అనేవారి కోసం ఎదురుచూపు. ఏకాభిప్రాయం అన్న మాట ఇక్కడ ఒక్కోసారి ఎవరూ అడ్డు చెప్పలేదన్న అర్థానికే పరిమితమవుతుంది.

వాడుకరులు కలిసికట్టుగా బయటివారితో తలపడిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికా కాంగ్రెస్ ముందున్న సోపా అనే ఆన్‌లైన్ పైరసీ వ్యతిరేక బిల్లుకు నిరసనగా 2012 జనవరి 18న ఇంగ్లీషు వికీపీడియా 24 గంటలు మూతపడింది. సుమారు 1,800 మంది పాల్గొన్న చర్చలో తీసుకున్న నిర్ణయమది. 2014లో తగువు ఫౌండేషన్‌తోనే వచ్చింది. బొమ్మలు చూపే కొత్త పద్ధతిని జర్మన్ నిర్వాహకులు తీసేయకుండా ఫౌండేషన్ ప్రత్యేక తాళం వేసింది. నిరసన చల్లారక మరుసటి ఏడాది ఆ తాళాన్నే తీసేసింది. 2024లో ఏఎన్ఐ వార్తాసంస్థ తన గురించిన వ్యాసం మీద దిల్లీ హైకోర్టులో 2 కోట్ల రూపాయల పరువునష్టం దావా వేసింది. వ్యాసం దిద్దిన ముగ్గురి వివరాలు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. ఆ దావా గురించి వాడుకరులు రాసిన పేజీని కూడా అక్టోబరులో తీయించింది. పేజీ తొలగింపు ఉత్తర్వును సుప్రీంకోర్టు 2025 మే 9న కొట్టేసింది.

2025 జూన్‌లో వ్యాసాల పైన కృత్రిమ మేధతో సారాంశాలు పెట్టే ప్రయోగాన్ని ఫౌండేషన్ తలపెట్టి, వాడుకరుల అభ్యంతరాలతో ఆపేసింది. ఆగస్టులో ఇంగ్లీషు వికీపీడియా మరో నియమం చేర్చుకుంది. చాట్‌బాట్ రాసిచ్చిన దాన్ని సరిచూడకుండా అతికించారని తేలితే పేజీని వెంటనే తొలగించవచ్చు. లేని పుస్తకాలను ఆధారాలుగా చూపడం, వాడుకరిని ఉద్దేశించి చాట్‌బాట్ అన్న మాటలు వ్యాసంలో అలాగే మిగిలిపోవడం అందుకు గుర్తులు. మామూలుగా తొలగింపు చర్చకు ఏడు రోజుల గడువుంటుంది. అతికించినవారే చదవని పేజీ గురించి పదిమంది వారం రోజులు వాదించడం దండగన్నది ఈ నియమాన్ని సమర్థించినవారి వాదన.