రాజుకు తండ్రి అయిన గురువు

రంగత్‌లో నేను పనిచేసిన రోజుల్లో మా ఇరుగుపొరుగంతా ఎక్కువగా బెంగాలీలే. దేశ విభజన తర్వాత వచ్చి స్థిరపడిన కుటుంబాలు. ఓ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన, "దాదా, మీ తెలుగు దేశంలో మా బెంగాల్ వాళ్ళెవరైనా పేరు తెచ్చుకున్నారా?" అని అడిగారు. నాకు గుర్తొచ్చిన పేరు విశ్వేశ్వర శివాచార్యులు.

ఆయనది గౌడదేశంలోని దక్షిణ రాఢ, అంటే నేటి పశ్చిమ బెంగాల్ ప్రాంతం. గోళకీ మఠానికి చెందిన శైవాచార్యుడు. కాకతీయ గణపతిదేవునికి దీక్ష ఇచ్చిన గురువు. శైవంలో దీక్ష ఇచ్చినవాడు తండ్రితో సమానం. ఆ లెక్కన ఓరుగల్లు చక్రవర్తి ఈయనకు కొడుకు! చోళ, మాళవ రాజులు కూడా ఆయన శిష్యులేనని మల్కాపురం శాసనం చెబుతోంది.

గుంటూరు జిల్లాలోని ఈ శాసనం క్రీ.శ. 1261 నాటిది. కృష్ణ ఒడ్డున మందడం గ్రామాన్ని గురువుకిస్తానని గణపతిదేవుడు మాటిచ్చాడు. కూతురు రుద్రమదేవి ఆ మాట నిలబెట్టి, వెలగపూడిని కూడా కలిపి ధారపోసింది. గురువుగారు అక్కడ కొత్త అగ్రహారం కట్టించి దానికి తన పేరే పెట్టుకున్నారు: విశ్వేశ్వర గోళకి. గ్రామ రక్షణకు వీరభద్రులనే భటులను కూడా నియమించారు. పేరుకు ఆచార్యుడే గాని, ఊళ్ళు, ఆదాయం, కాపలా బలం అన్నీ ఉన్న ప్రభువన్నమాట.

మరి ఆ ఆదాయం ఏం చేశారు? మూడు భాగాలు చేశారు. ఒకటి గుడికి. రెండోది మఠానికి, విద్యార్థుల భోజనానికి. మూడోది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి వరకు ఎవరొచ్చినా అన్నం పెట్టాలని నియమం. వేదాలు, తర్కం, సాహిత్యం చెప్పడానికి అధ్యాపకులు, వైద్యుడు, లెక్కలు రాసే కరణం, అందరికీ జీవనాధారం ఏర్పరిచారు.

మన సర్వీసులో ఆర్డర్ ఇచ్చినవాడే దానికి జవాబుదారీ. రాజు చెవి దగ్గరుండే గురువును లెక్క అడిగేదెవరు? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. ఏ భాగం దేనికి చెందాలో ఆయన నలుగురూ చూసేలా రాతి మీద చెక్కించి పెట్టారు. అడగదలచుకున్నవాడికి ఆధారం మిగిల్చారు.

అంతా విని పెద్దాయన, "అయితే మావాడు మీ దగ్గర ఆసుపత్రి పెట్టాడన్నమాట" అని నవ్వి, నా టీ డబ్బులు తానే ఇచ్చారు.

2016 నుంచి అదే వెలగపూడిలో ఆంధ్రప్రదేశ్ సచివాలయం నడుస్తోంది. సెలవులో అటు వెళ్ళే మిత్రులు పక్కనే ఉన్న మల్కాపురంలో ఆగి ఆ రాతి స్తంభాన్ని ఒకసారి చూసి రండి.