అత్తయ్యగారి మెట్టతామర

ప్రత్తిపాడులో మా అత్తయ్యగారి పెరట్లో తూము దగ్గర నాలుగు అరటిచెట్లు, ఎర్రపూల మెట్టతామర దుబ్బు వుండేవి. అంట్లు తోమిన నీళ్ళు, స్నానాల నీళ్ళు అన్నీ అటే. అందులో శాస్త్రం వుందని ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.

తర్వాత సెప్టిక్ ట్యాంకు వచ్చింది. ఫ్రాన్సులో మూరా అనే ఆయన 1860 ప్రాంతంలో కట్టిన తొట్టి మూత కొన్నేళ్ళకి తీసి చూస్తే, అడుగున మడ్డి పెద్దగా లేదట! 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో కామెరాన్ దానికి సెప్టిక్ ట్యాంకని పేరు పెట్టాడు. అయితే అది చేసేది సగం పనే. పైకి తేరిన నీళ్ళలో రోగక్రిములు అలాగే వుంటాయి. ఆ నీళ్ళు ఇంకుడు గుంటలోకి పోవాలి. మాది నల్లరేగడాయె! వానలకి ఉబ్బితే చుక్క ఇంకదు, గుంట పొంగుతుంది. ఎండలకి నెర్రెలిస్తే మురుగు నేరుగా కిందికి జారుతుంది. నూతికీ గుంటకీ ఎంత దూరమో మా చిన్నాడికి కామెర్లొచ్చిన ఏడు దాకా మేం కొలవనే లేదు. నూతినీళ్ళ వల్లేనని రుజువేం లేదనుకోండి, అయినా అప్పట్నించీ కాచకుండా గుక్కెడు తాగనివ్వలేదు నేను.

మిగతా సగం పనికి దారి చూపినది ఓ ఆడమనిషి! కేథె జైడెల్ అనే జర్మను వృక్షశాస్త్రవేత్త 1950లలో నీటిలో పెరిగే తుంగజాతి మొక్కలతో మురికినీళ్ళు తేటపడతాయని చూపించింది. ఇంజనీర్లు చాలామంది నమ్మలేదు. (ఎందుకు నమ్ముతారు లెండి!) 1974లో ఓట్‌ఫ్రేజెన్ అనే చోట ఊరి మురుగుకే రెల్లుమడి కట్టారు.

సంగతి ఇంతే. ట్యాంకు దాటిన నీటిని, అడుగున ఇంకకుండా కట్టిన గులకరాళ్ళ మడిలోకి వదిలి, అందులో జమ్మో మెట్టతామరో నాటుతారు. నీరు రాళ్ళ కిందే నడుస్తుంది గనుక దోమలు చేరవు. మొక్క వేళ్ళు కాస్త ప్రాణవాయువునిస్తాయి. మురికిని తినేది మాత్రం రాళ్ళనీ వేళ్ళనీ పట్టుకున్న సూక్ష్మజీవులే. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఇక్రిశాట్ వారు ఊరి మురుగును ఇలాగే బాగుచేసి పంటలకు పనికొచ్చేట్టు చేశారు. హైదరాబాదు నెక్నాంపూర్ చెరువులో 2018లో నీటిమీద తేలే మడే వేశారు.

ఆ నీళ్ళు తాగడానికి కాదు, పచ్చిగా తినే కూరలకీ పొయ్యకూడదు. ట్యాంకులో మడ్డి ఎత్తించకపోతే రాళ్ళ సందులు పూడిపోతాయి.

మొన్న మేస్త్రీని పిలిచి చెబితే, "ట్యాంకు నీళ్ళకి పూలతోటేమిటమ్మా?" అని నవ్వాడు. గులకరాళ్ళు మాత్రం ఓ ట్రాక్టరు తోలించాను. పిలకలు అత్తయ్యగారి దుబ్బువే.